పిడికిలి వద్దన్న మాస్టారు

మొన్న శనివారం నందిగామలో మా ప్రార్థన మందిరం గేటుకు రంగు వేయిస్తున్నారు. ముందుగా పూసే రెడ్ ఆక్సైడ్ డబ్బా మూత తీయగానే ఇనుమూ మట్టీ కిరసనాయిలూ కలిసినట్టుండే ఘాటు వాసన, వరండాలో కూర్చుని ఆదివారం బడి పిల్లలకు పాఠం రాసుకుంటున్న నా దాకా వచ్చింది. కలం ఆగిపోయింది. "ఏంటమ్మా, తలనొప్పి వస్తందా? అటేపు కూర్చోండి" అన్నాడు పెయింటరు. రావడం లేదన్నాను. పదిహేనో ఏట నుంచి ఇరవయ్యో ఏట దాకా ఆ వాసన నా బట్టలకూ, జడకూ, పుస్తకాల అట్టలకూ అంటుకునే ఉంది. అది నాకు తలనొప్పి తెచ్చే వాసన కాదు, ఒక మనిషిని తెచ్చే వాసన.

ఆ మనిషి పేరు సాంబశివరావు గారు. జగ్గయ్యపేట బజారులో ఆయనకు ఇనుప సామాన్ల కొట్టు ఉండేది. మేకులు, తలుపు బందులు, గడియలు, గొలుసులు, పైపులు, రంగులు. బజారులో అందరికీ ఆయన శెట్టిగారు. ఆయన దగ్గర విల్లు పట్టడం నేర్చుకున్న మా పదిమందికి మాత్రం మాస్టారు. ఆయన మా విశ్వాసి కాదు. నుదుట బొట్టు పెట్టకుండా కొట్టు తెరిచేవారు కాదు, శుక్రవారం గల్లాపెట్టెకు హారతి ఇవ్వకుండా మొదటి బేరం చేసేవారు కాదు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. నేను బైబిలు వాక్యంలో పుట్టి వాక్యంలో పెరిగినదాన్ని. సంఘ పెద్ద కూతుర్ని. ఇవాళ్టికీ ఉదయం మోకరించకుండా గుమ్మం దాటను. అలాంటిది ఒక అన్యుణ్ణి ఇంతగా తలుచుకోవడమేమిటని నొచ్చుకునేవాళ్ళు మావాళ్ళలో ఉన్నారు. నొచ్చుకోనివ్వండి. నన్ను మనిషిని చేసినవాళ్ళలో మా నాన్న తర్వాత ఆయనే. ఆ వరసను ఎవరి కోసమూ మార్చను.

మాది చిల్లకల్లు. నాన్న సిమెంటు ఫ్యాక్టరీలో బస్తాలు నింపే చోట పనిచేసేవారు. మిగిలిన కాలమంతా సంఘానిది. పదో తరగతి పరీక్షలు రాసి ఇంట్లో ఉన్న వేసవిలో మందిరం తలుపు గడియ ఊడిపోతే, కొత్తది తెమ్మని నన్ను ఆటో ఎక్కించి పేటకు పంపారు. కొట్టులో గుమాస్తా గడియలు వెతుకుతున్నాడు. ఈలోపు వెనక దొడ్లోంచి దబ్బుమని చప్పుడు. కాసేపాగి మళ్ళీ దబ్బుమని. తలుపు సందులోంచి చూశాను. ఇనుప చువ్వలు పేర్చిన ఖాళీ స్థలం, దాని చివర ఎండుగడ్డి గట్టిగా చుట్టి కట్టిన పెద్ద దిండు లాంటిది, దాని మీద రంగుల వలయాలున్న కాగితం. ఇవతల పంచె ఎగ్గట్టి, బనీను మీదున్న ఒక పెద్దాయన. యాభై దాటి ఉంటాయి, చిన్న పొట్ట కూడా ఉంది. చేతిలో వెదురు విల్లు. ఆయన బాణం వదిలారు. నేను బాణాన్ని చూడలేదు, ఆయన ఎడమ చేతిని చూశాను. విల్లు ఆ చేతిలోంచి ముందుకు జారి పడిపోతోంది. ఆయన దాన్ని పట్టుకునే ప్రయత్నమే చేయలేదు.

"పడిపోద్దండీ!" అని అరిచాను.

విల్లు పడలేదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కట్టిన బూటు లేసుకు తగులుకుని వేలాడింది. ఆయన తాపీగా వెనక్కి తిరిగారు.

"ఎవరమ్మా నువ్వు?"

"సువార్తండి. చిల్లకల్లు. గడియ కోసం వచ్చా."

"గడియలు ముందు కొట్లో ఉంటయ్ గానీ వెనక దొడ్లో ఉండవే?"

"నేనొకసారి పట్టుకోవచ్చా అండి?"

"పట్టుకుంటానంటే ఇవ్వను" అన్నారు. "పట్టుకోకుండా నిలబెడతానంటే ఇస్తా."

ఆ మాట నాకు అర్థం కావడానికి రెండేళ్ళు పట్టింది.

మాస్టారు కుర్రతనంలో విజయవాడలో చదువుకుంటూ విలువిద్య నేర్చుకున్నారట. తండ్రి మంచాన పడితే చదువునూ విల్లునూ ఒకేసారి వదిలి కొట్టులో కూర్చున్నారు. విల్లు పైపుల మధ్య అటక మీద ముప్పై ఏళ్ళు పడుకుంది. కొడుకు చేతికి అందొచ్చాక ఆయన ఒకరోజు నిచ్చెనేసుకుని దాన్ని దించారు. అడిగినవాళ్ళకల్లా నేర్పడం మొదలుపెట్టారు. తోటి వర్తకులకు అదొక వినోదం. "ఏం సాంబయ్యా, బాణాలు కిలో ఎంతేంటి?" అని ఎదురు కొట్టాయన రోజూ అడిగేవాడు. "నీకైతే ఊరికే ఇస్తా, కాస్త దూరంగా వెళ్ళి నిలబడు" అనేవారు మాస్టారు.

నేను నేర్చుకుంటానంటే నాన్న వెంటనే ఒప్పుకోలేదు. తానే వచ్చి చూస్తానన్నారు. వచ్చి, కొట్టు మెట్ల కింద నిలబడి, "ఆడపిల్లండి, శెట్టిగారూ" అన్నారు. "ఆ సంగతి విల్లుకి తెలీదు లేవయ్యా, పైకి రా" అంటూ మాస్టారు కూజాలోంచి మంచినీళ్ళు వంచి ఇచ్చారు. కొట్టులో అందరూ తాగే కూజా, ఆయన తాగే గ్లాసు. నాన్న ఆ గ్లాసు వంక ఒక్క క్షణం చూశారు. తర్వాత తాగారు. తిరుగు ఆటోలో, చిల్లకల్లు దగ్గర పడుతుండగా, "వెళ్ళమ్మా" అన్నారు.

విల్లు పట్టడమంటే బలమనుకుంటారు అందరూ. నేనూ అలాగే అనుకున్నాను. రెండు బిందెలు మోసే చెయ్యి నాది. పిడిని ఐదు వేళ్ళతో బిగించి, పళ్ళు బిగించి, ఊపిరి కూడా బిగించి లాగాను. బాణం దిండుకు ఎడమ పక్కన చువ్వల గుట్టలోకి పోయింది. రెండోదీ అటే. మూడోదానికి తాడు మోచేతి కింద చరిచి చేయి ఎర్రగా వాచింది. మాస్టారు నా ఎడమ అరచేతిని తిప్పి చూశారు. బొటనవేలి మొదట్లో ఉండే మెత్తటి ఉబ్బునూ దాన్ని చుట్టి కిందికి దిగే గీతనూ కొట్టులోని పెన్సిల్‌తో గీశారు. రాష్ట్రం రెండై, గరికపాడు దగ్గర కొత్తగా చెక్‌పోస్టు పెట్టిన రోజులవి.

"ఇదిగో, ఈ గీత గరికపాడు చెక్‌పోస్టు" అన్నారు. "బొటనవేలి వైపు మనది. చిటికెనవేలి వైపు పక్క రాష్ట్రం. విల్లు బరువంతా మనవైపే ఉండాల. చెక్‌పోస్టు దాటిందా, బాణాన్ని పట్టుకుని ఆపేస్తారు."

అంతే ఆయన పాఠం. పిడి వచ్చి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉన్న చీలికలో కూర్చోవాలి. దాని ఒత్తిడి బొటనవేలి కింద ఉబ్బు మీద పడాలి. వేళ్ళ కణుపులు నిటారుగా కాకుండా ఏటవాలుగా ఉండాలి. మిగిలిన వేళ్ళు నిద్రపోయిన పసిపిల్ల వేళ్ళలా ఊరికే ముడుచుకుని ఉండాలి. మోచేయి కాస్త బయటికి తిరిగి ఉంటే తాడు చరచదు. విల్లును తోసేది భుజం నుంచి వచ్చే ఎముక. వేళ్ళు కాదు. వేళ్ళతో బిగిస్తే, తాడు వదిలిన క్షణానికీ బాణం విల్లు దాటే క్షణానికీ మధ్యనున్న ఆ రెప్పపాటులో విల్లు మెలి తిరుగుతుంది. గురి ఎంత బాగా చూసినా ఆ మెలి బాణాన్ని పక్కకు తోసేస్తుంది. వినడానికి ఇంతే. చేయబోతే ప్రాణం మీదికొస్తుంది. చేతిలో ఉన్నది జారిపోతుందన్నప్పుడు గట్టిగా పట్టుకోకుండా ఉండటం మనిషికి చేతకాని పని.

ఆయనకు ఆ పని నేర్పే ఉపాయం కొట్టులోనే దొరికింది. గచ్చులకు కలిపే రెడ్ ఆక్సైడ్ పొడి చిటికెడు తీసి, కిరసనాయిలు చుక్కతో తడిపి పిడికి పూసేవారు. పది బాణాలు వేశాక అరచేయి చాపమనేవారు. ఎరుపు బొటనవేలి ఉబ్బు మీద మాత్రమే ఉంటే సరే. వేళ్ళకు అంటిందా, దొంగ దొరికినట్టే. "చెక్‌పోస్టు దాటేశావమ్మా సువార్తా. లోడు దించెయ్" అనేవారు. లోడు దించడమంటే విల్లు పక్కన పెట్టి, ఆ రోజుకు మేకుల డబ్బాలు సర్దడం. మొదటి వేసవి మొత్తం నేను మేకులు సర్దాను. ఏ సైజు మేకు ఏ డబ్బాలో ఉంటుందో గుమాస్తా కంటే నాకే బాగా తెలిసిపోయింది.

మరో దొంగను కూడా ఆయనే పట్టారు. బాణం వేసే ముందు నేను కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకునేదాన్ని. మా సంఘంలో ప్రార్థన అంటే గట్టిగా, చేతులు బిగించి, కణతల దగ్గర నరాలు తేలేలా చేస్తాం. మాస్టారు వారం రోజులు చూసి ఒకరోజు ఆపారు.

"అమ్మాయ్, మీ దేవుడితో మాట్లాడుకో, నేను వద్దనను. పిడికిలి బిగించి ఎందుకు మాట్లాడతన్నావ్? ఆయన్తో ఏమన్నా కొట్లాటా?"

"అది ఆసక్తండి. మనసంతా పెట్టి అడగడం."

"అడిగేవాడు చెయ్యి చాపుతాడు గానీ ముడుస్తాడా?"

నాకు కోపం వచ్చింది. విశ్వాసం లేనివాడు నాకు ప్రార్థన నేర్పడమా అనుకున్నాను. మూడు రోజులు వెళ్ళలేదు. నాలుగో రోజు ఇంట్లో మోకరించినప్పుడు నా చేతుల వంక చూసుకున్నాను. గోళ్ళు అరచేతిలో దిగి ఉన్నాయి. విప్పాను. ఏ అద్భుతమూ జరగలేదు. ప్రార్థన కాస్త నెమ్మదిగా సాగింది, అంతే. నేను మళ్ళీ కొట్టుకు వెళితే ఆయన ఎందుకు రాలేదని అడగలేదు. పిడికి ఎరుపు పూసి ఇచ్చారు.

మరుసటి ఏడు జిల్లా జట్టుకు ఎంపికలు జరిగాయి. విల్లు ఆ రాత్రికి ఇంటికి తెచ్చుకున్నాను. తెల్లవారి నేను స్నానానికి వెళ్ళినప్పుడు నాన్న నా విల్లు మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి, మందిరంలో రోగులకు రాసే ప్రార్థన నూనె దానికి రాశారు. ఎక్కడ రాయాలో ఆయన బాగానే ఆలోచించారు. బిడ్డ చెయ్యి పెట్టే చోటే కదా ఆశీర్వాదం ఉండాలి. పిడి మొత్తం తడిసేలా రాశారు. నేను మైదానంలో దిగి చెయ్యి పెట్టగానే పిడి చేప పిల్లలా జారింది. తుడుద్దామంటే మనసొప్పలేదు. నాన్న ప్రార్థనను రుమాలుతో తుడుస్తానా? జారకుండా బిగించాను. ఏడాది పాటు నేర్చుకున్నదంతా ఆ బిగింపులో పోయింది. బాణాలన్నీ వరసగా ఎడమవైపు. నాలుగు పాయింట్ల తేడాతో జట్టులో చోటు పోయింది.

ఇంటికొచ్చాక నాన్న నా తల నిమిరి, "దేవుని చిత్తం కాదేమోనమ్మా" అన్నారు. దేవుని చిత్తమనే మాటంటే నాకు భయమూ భక్తీ రెండూ ఉన్నాయి. కానీ ఆ రోజు ఆ మాట గొంతు దిగలేదు. మర్నాడు మాస్టారు విల్లు చేతిలోకి తీసుకుని, వేళ్ళు రుద్దుకుని, ముక్కు దగ్గర పెట్టుకున్నారు.

"కొబ్బరి నూనె. ఎవరు రాశారమ్మా, విల్లుకి జడ వేద్దామనా?"

నేను ఏడ్చేశాను. నాన్న పేరు చెప్పాను. ఆయన నవ్వు ఆపేశారు. పిడిని సబ్బునీళ్ళతో కడిగి ఎండలో పెట్టారు. ఆదివారం సాయంత్రం నాన్న గడియ స్క్రూల కోసం కొట్టుకు వస్తే, ఓడిపోవడానికి కారణమేమిటో చెప్పనే లేదు. వెళ్ళేటప్పుడు మాత్రం, "ఏమయ్యా, ఈసారి నూనె పిల్ల నుదుటికి రాయి. విల్లు నాకొదిలెయ్, తల నీది" అన్నారు. నాన్న చాలాసేపు మెట్ల మీదే నిలబడిపోయారు.

తర్వాతి ఏడు ఎంపికలు నందిగామలో పెట్టారు. నెల మొదటి ఆదివారం, పొద్దున తొమ్మిదింటికి. మావాళ్ళు కానివాళ్ళకు ఇందులో ఇబ్బందేమిటో తెలియాలంటే ఒక మాట చెప్పాలి. మా సంఘంలో నెలకు ఒక్కసారే, ఆ మొదటి ఆదివారమే, ప్రభువు బల్ల. రొట్టె విరిచి, ద్రాక్షరసం పంచుకుని, అందరం ఒక్క శరీరమని ఒప్పుకునే గడియ. నాకు ఏడాదిలో అంతకంటే పెద్ద పండుగ లేదు. జబ్బు చేస్తే తప్ప దానికి రాకపోవడం తప్పు. లోకపు పని కోసం మానితే బల్ల నుంచి ఆపుతారు. ఆపినవాళ్ళు చివరి వరసలో కూర్చోవాలి. రొట్టె పళ్ళెం వాళ్ళ ముందు నుంచి ఆగకుండా వెళ్ళిపోతుంది.

మా సంఘ కాపరిని మేం అయ్యగారంటాం. ఆయన దగ్గరికి వెళ్ళాను.

"ముందు రోజు సాయంత్రం నాకు ఇవ్వొచ్చు కదండీ అయ్యగారూ? మంచాన పడినవాళ్ళకి ఇంటికెళ్ళి ఇస్తారుగా."

"నువ్వు మంచాన పడ్డావా?"

"లేదండి."

"మరి? ఆట కోసం ప్రభువుని వేళ మార్చుకోమంటావా?"

మాస్టారి దగ్గరికి వెళ్ళాను. ఆయన బందులు కాగితంలో చుడుతున్నారు. వెళ్ళమంటారా అని అడిగాను.

"నేను చెప్పను."

"ఎందుకండి?"

"చెప్పానంటే నీ విల్లు నేను పట్టినట్టు. చెయ్యి నీది, నువ్వే పెట్టాల." చేతిలో పని ఆపి అడిగారు. "అసలు ఆ బల్ల మీద ఏం ఉంటదమ్మా?"

చెప్పాను. రొట్టె ఏమిటో, రసం ఏమిటో, ఎవరి కోసం ఎవరు విరిగిపోయారో, చిన్నప్పుడు మొదటిసారి తీసుకున్న రోజు ఎలా గడిచిందో, అరగంట చెప్పాను. బేరానికి వచ్చినవాళ్ళను గుమాస్తా వైపు పంపేసి, చేతిలో బందు అలాగే పెట్టుకుని విన్నారు.

"అంత పెద్దదా" అన్నారు చివరికి. "అయితే ఏడువు. ఏడ్చి తేల్చుకో. వెళ్ళినా మానినా, తేలిగ్గా మాత్రం తేల్చుకోకు."

మూడు రోజులు ఉపవాసముండి ప్రార్థించాను. వెళ్ళమని ఏ స్వరమూ రాలేదు. వచ్చిందని చెప్పి ఉంటే మా సంఘంలో నా పని చాలా సులువయ్యేది. రాలేదు. నాకిచ్చిన చేతులు ఆయనే ఇచ్చాడని మాత్రం తెలుసు. వాటితో చేసే మంచి పని ఆయనకు ఎదురు తిరగడమెలా అవుతుందో ఎంత అడిగినా నాకు తెలియలేదు. "వెళ్తున్నా నాన్నా" అన్నాను. ఆదివారం పొద్దున్నే నాన్న నా నుదుటికి నూనె రాశారు. తర్వాత తెల్ల చొక్కా వేసుకుని మందిరానికి వెళ్ళిపోయారు.

నందిగామ మైదానంలో గాలి పడమర నుంచి కొడుతోంది. మాస్టారు నా వెనక గీత అవతల మడత కుర్చీలో కూర్చున్నారు. చివరి వరస బాణాలకు పదిన్నర దాటింది. ఆ వేళకు చిల్లకల్లులో రొట్టె విరుస్తుంటారు. అది గుర్తుకొచ్చిన క్షణం నా చేయి బిగుసుకుంది. తాడు లాగి ఉన్నాను, గురి కుదిరింది, కానీ వేళ్ళు పిడిని కరుచుకుని ఉన్నాయి. ఆ బాణం వదలలేదు. దించేశాను. నేను చెయ్యి విదిలించి, మళ్ళీ పెట్టాను. బరువు బొటనవేలి వైపు. వేళ్ళు ఊరికే. పోయేదేదో పోతుంది, దాన్ని ఈ పిడిలో దాచుకోలేను అనుకున్నాను. బాణం వెళ్ళింది. విల్లు ముందుకు పడి లేసుకు వేలాడింది. జట్టులో రెండో పేరు నాది.

బల్ల నుంచి ఆపారు. మూడు మొదటి ఆదివారాలు చివరి వరసలో కూర్చున్నాను. మానేయొచ్చు కదా అన్నారు కొందరు. ఎందుకు మానాలి? అది నా తండ్రి ఇల్లు. అన్నం పెట్టకపోతే ఇంట్లోంచి పోతామా? పాటలు అందరికంటే గట్టిగా పాడాను. నాలుగో నెల అయ్యగారు సంఘం ముందు నన్ను నిలబెట్టి, తప్పు చేశానని ఒక్క మాట చెబితే చాలు, ఇవాళే బల్లలో చేర్చుకుంటామన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. ఎలాగైనా నన్ను లోపలికి తెచ్చుకోవాలనే ఆయన ఆరాటం.

నేను నోరు తెరవబోతుంటే గుమ్మం దగ్గర కదలిక వినిపించింది. మాస్టారు. జరీ పంచె, నుదుట పెద్ద బొట్టు. నాన్న ద్వారా సంగతి తెలిసి ఆటోలో వచ్చారు. మందిరంలో అడుగుపెట్టడం ఆయనకు అదే మొదలు. ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడే చేతులు జోడించారు.

"అయ్యగారూ, ఒక్క మాటండి. ఈ పిల్ల తప్పేం లేదు. రానంటే నేనే బలవంతాన తీసుకెళ్ళా. అనేదేదన్నా ఉంటే నన్నండి."

మందిరమంతా ఊపిరి పీల్చుకుంది. అయ్యగారి ముఖం తేటపడింది. బలవంతమైతే అది నా తప్పు కాదు. నేను తల ఊపితే చాలు, ఆ పూట రొట్టె నాది. నాలుగు నెలల ఆకలి. ముందు బల్ల మీద తెల్ల గుడ్డ కింద రొట్టె ఆకారం నాకు కనిపిస్తూనే ఉంది.

"అబద్ధమండి అయ్యగారూ" అన్నాను. "మాస్టారు అబద్ధమాడతన్నారు. నన్నెవరూ తీసుకెళ్ళలా. ఆయన వెళ్ళమననూ లేదు, వద్దననూ లేదు. నేనే వెళ్ళా. మళ్ళీ ఆదివారం పడితే మళ్ళీ వెళ్తా. ఏడ్చుకుంటానే వెళ్తా. బల్ల తప్పినందుకు ఏడుస్తా గానీ, బాణం వేసినందుకు ఏడవను. తప్పని నాకు అనిపించంది తప్పని ఎట్లా చెప్పను? నోట్లో అబద్ధం పెట్టుకుని అదే నోట్లో రొట్టె ఎట్లా పెట్టుకోనండి?"

"అయితే కూర్చోమ్మా" అన్నారు అయ్యగారు, చాలా నెమ్మదిగా.

కూర్చున్నాను. ఆ రోజు పళ్ళెం పట్టుకుని వరసల మధ్య తిరిగింది మా నాన్న. నా వరస దాటి వెళ్ళారు, వెళ్ళక తప్పదు. అందరికీ పంచాక పెద్దలు తీసుకునే వంతు వచ్చింది. నాన్న చేయి చాపలేదు. "నా కూతురు తీసుకున్న రోజు తీసుకుంటానండి" అన్నారు.

బయట వేపచెట్టు కింద మాస్టారి మీద విరుచుకుపడ్డాను. "ఏంటండీ మాస్టారూ, దేవుడి ఇంట్లోకొచ్చి అబద్ధమాడతారా?"

"మా గుళ్ళో ఆడలేదుగా" అని నవ్వారు. తర్వాత చెప్పులు తొడుక్కుంటూ, నా వంక చూడకుండా, "ఇయ్యాల చెయ్యి బాగా పెట్టావమ్మా" అన్నారు.

నాన్న మరో నాలుగు నెలలు అందరికీ పంచి, తాను తినకుండా పళ్ళెం దించారు. ఐదో నెల అయ్యగారు బల్ల దగ్గర నుంచి తానే దిగి, పళ్ళెం పట్టుకుని చివరి వరస దాకా వచ్చారు. ఏమీ అడగలేదు. నేనూ ఏమీ చెప్పలేదు. నేను తీసుకున్నాను. నా తర్వాత నాన్న తీసుకున్నారు. ఆ తప్పును నేను ఇవాళ్టి దాకా ఒప్పుకోలేదు.

పెద్ద ఆటగత్తెను కాలేదు. రాష్ట్ర పోటీల్లో పద్నాలుగో స్థానం, అంతవరకే. ఇప్పుడు నందిగామలో ఒక బడిలో వ్యాయామ టీచరుగా ఉంటూ సాయంత్రాలు పిల్లలకు విల్లు నేర్పుతున్నాను. మాస్టారు పోయి ఏడాదైంది. పెద్దకర్మకు వెళ్ళాను. ఫొటో ముందు అందరూ పూలు వేస్తున్నారు. నేను వేయలేదు, అది మా విశ్వాసంలో లేదు. "అంత నేర్పినాయనకి రెండు పూలు వెయ్యలేవా?" అని ఆయన బంధువొకామె మొహం మీదే అంది. వేయలేనండి అని చెప్పి, ఆయన కొడుకు పక్కన కూర్చుని విస్తరి ఖాళీ అయ్యేదాకా భోంచేశాను. ఆదివారం మా మందిరంలో, మన విశ్వాసానికి పనికిరాని ఆ కర్మ భోజనం ఎలా తిన్నావని అడిగారు. ఆకలేసి తిన్నాను, ప్రేమతో పెట్టారు కాబట్టి తిన్నాను అన్నాను. రెండు వైపులా నామీద కోపం ఉంది. ఉండనివ్వండి. నేను దేన్నీ వదల్లేదు, దేన్నీ పిడికిట్లో బిగించలేదు.

ఆ తర్వాతి వారం ఆదివారం బడిలో ఒక పిల్ల లేచి అడిగింది, వాళ్ళ అమ్మ అడగమని పంపిందని నాకు తెలుసు. "టీచర్, మీ మాస్టారు పరలోకంలో ఉంటారా?"

నాకు తెలియదన్నాను. ఆ తలుపు తాళంచెవి నా దగ్గర లేదు, మీ అమ్మ దగ్గరా లేదు. కానీ తీర్పు రోజున ఆయన పేరు పిలిచినప్పుడు, నన్నెవరు పిలిచినా పిలవకపోయినా నేను లేచి నిలబడతాను. ప్రభువా, ఈయన నీ మందిరంలోకి జీవితంలో ఒక్కసారే వచ్చాడు, వచ్చి ఒక్క అబద్ధం ఆడాడు, అది నేను నీ బల్ల దగ్గర ఆకలితో ఉండకూడదని ఆడాడు అని చెబుతాను. దానికి శిక్ష ఉంటే నాకు వెయ్యి అంటాను. అక్కడ కూడా చివరి వరసలో కూర్చోమంటే కూర్చుంటాను, ఆయన పక్కనే.